గట్టు మీద బొమ్మలేద్దామని వెళ్ళి తెల్ల కాగితాలతో తిరిగొచ్చాను

నీటిరంగుల_నాని
నాలుగు రోజులు సెలవు పెట్టి హైదరాబాదు నుంచి మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. ముమ్మిడివరం అవతల, గౌతమి గట్టు కిందే ఊరు. ఇంట్లో కూర్చుని ఫోటోలు చూసి వేసీ వేసీ విసుగొచ్చింది. ఈసారి ఎదురుగా కనిపించేదే వేద్దామని 300 జీఎస్ఎం దళసరి కాగితాలు ఇరవై, బొమ్మ నిలబెట్టుకునే కొత్త ఈజిలు ఒకటి కొన్నాను. తిరుగు రైల్లో లెక్క చూసుకుంటే పూర్తయిన బొమ్మలు సున్నా.

వాన పడలేదు, పెద్ద ఎండ కాయలేదు. నేను భయపడ్డవేవీ జరగలేదు.

మొదటి రోజు పొద్దున్న ఆరున్నరకే కూర్చున్నాను. మంచు. ఆకాశానికి ఒక పూత వేసి ఆరాలని చూస్తున్నా, ఆరదే! ఇంట్లో ఐదు నిమిషాల్లో ఆరే పూత ముప్పావుగంటైనా తడిగానే ఉంది. ఓపిక చచ్చి దాని మీదే చెట్లు వేశాను. రంగు పాకిపోయి కాగితం నిండా కాలీఫ్లవర్లు పూశాయి.

రెండో రోజు ఎనిమిదింటికి వెళ్ళాను. రేవులో బురద మీద ఒక పక్కకి ఒరిగి నల్ల పడవ ఒకటి. అబ్బ, ఆ ఒరుగు! అరగంట కూర్చుని పెన్సిలుతో గీసి తలెత్తేసరికి పడవ నిటారుగా ఉంది. సరేలే అని చెరిపి మళ్ళీ గీశాను. ఇంకో గంటకి అది ముక్కు అటు తిప్పేసింది. పదింటికి ఒకాయన వచ్చి తాడు విప్పుకుని దాన్ని తీసుకుపోయాడు.

మూడో రోజు జనం. "ఏం రాస్తున్నారండీ?" "సర్వే వాళ్ళాండీ?" "గట్టు వెడల్పు చేస్తారంట కదండీ, మా పాక పోద్దాండీ?" కాదు బాబూ బొమ్మ వేసుకుంటున్నా అంటే నమ్మరు. ఒక పెద్దాయన కాఫీ తాగి వెళ్ళమన్నాడు. కాఫీ కాస్తా టిఫినైంది, టిఫిను కాస్తా వాళ్ళ కొబ్బరితోట చూడటమైంది. తిరిగొచ్చేసరికి సూర్యుడు నడినెత్తిన, నీడలన్నీ మాయం.

నాలుగో రోజు నేనే వెళ్ళలేదు.

ఇది నాకేనా, అందరికీ ఇంతేనా? మీరెలా వేస్తున్నారు అసలు?

సందేహాల_రావు
టిఫిను ఏం పెట్టారు?

నీటిరంగుల_నాని
పెసరట్టు ఉప్మా. విషయం అది కాదండీ.

సందేహాల_రావు
నాకు అదే విషయం. కానివ్వండి.

బరకం_బాబ్జీ
తమ్ముడూ, చేతిలో ఫోను పెట్టుకుని ఎందుకొచ్చిన తిప్పలు? పొద్దున్నే వెళ్ళి నలభై ఫోటోలు తీసుకో, పెసరట్టు తిను, ఇంటికొచ్చి ఫ్యాను కింద కూర్చుని వేసుకో. నేను పన్నెండేళ్ళుగా గోదావరి బొమ్మలే అమ్ముతున్నాను. రేవులో పది నిమిషాలు మించి నిలబడను.

కుంచె_కామేశం
బాబ్జీ గారూ, మీ బొమ్మలు చూశాను, కోప్పడకండి. మీ కొబ్బరిచెట్ల నీడలన్నీ బొగ్గు పూసినట్టుంటాయి. అది మీ చెయ్యి కాదు, ఫోను. ఆకాశానికి తగ్గట్టు వెలుగు సర్దితే నీడ నల్లబడిపోతుంది, నీడకి సర్దితే ఆకాశం తెల్ల కాగితమవుతుంది. కంటికి నీడలో కూడా నీలం, ఆకుపచ్చ, బురద రంగు అన్నీ కనిపిస్తాయి. ఫోటో చూసి వేసేవాడు ఫోటో తప్పుల్నే వేస్తాడు.

నానీ, నీకొక్కటే చెప్తా. నీడలు ముందు వేసెయ్. కూర్చున్న మొదటి పది నిమిషాల్లో నీడలు ఎక్కడున్నాయో అక్కడ ఒకే రంగుతో పెట్టేసి, తర్వాత అవి కదిలినా తిరిగి చూడకు. కదిలే నీడల వెనకాల పరిగెత్తితే పొద్దుటి ఇల్లు, మధ్యాహ్నపు చెట్టు, సాయంత్రపు పడవ ఒకే బొమ్మలో ఉంటాయి.

బరకం_బాబ్జీ
బొగ్గు పూసినట్టున్నా అమ్ముడుపోతున్నాయి కామేశం గారూ. మీవి?

కుంచె_కామేశం
మా ఇంటి గోడలన్నీ నిండిపోయాయి.

ఏటిగట్టు_సూరిబాబు
ఆయ్, నానిగారూ, పడవ తప్పేం లేదండి. అది పోటండి. ఆటు తీసినప్పుడు పడవ బురద మీద కూలబడి ఒరుగుద్ది. పోటెక్కితే తేలుద్ది, తేలాక నీరు ఎటు లాగితే ముక్కు దానికి ఎదురు తిరుగుద్ది. మీరు గంట సేపు చూసింది అదేనండి. సముద్రం అంత దూరం ఉంది కదా అనుకుంటారు గానీ మా ఏట్లో నీరు రోజుకి రెండుసార్లు ఎక్కుద్ది, రెండుసార్లు దిగుద్ది.

మీరు ఈ రోజు ఎనిమిదింటికి చూసిన ఒరుగు రేపు ఎనిమిదింటికి ఉండదండి. రోజుకి ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుద్ది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమి అటూఇటూ చిన్నది. పడవ ఎక్కువసేపు ఒకేలా ఉండాలంటే అష్టమి నాడు రండి. లేదంటే రేవులో వలలు బాగు చేసుకునేవాళ్ళని అడగండి, తిథి చెప్తే నీరు ఎప్పుడు తిరుగుద్దో వేళ్ళ మీద లెక్కేసి చెప్పేస్తారు.

నీటిరంగుల_నాని
సూరిబాబు గారూ, ఇది ఏ పెయింటింగ్ వీడియోలోనూ చెప్పలేదండీ! పంచాంగం చూసి బొమ్మ వెయ్యాలన్నమాట.

సందేహాల_రావు
వర్జ్యం, దుర్ముహూర్తం కూడా చూసుకోండి.

యానాం_యాత్రికుడు
నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి నా కథ. కోరంగి మడ అడవుల పక్కన కూర్చుని వేస్తూ, తెచ్చుకున్న సీసా తన్నేసుకున్నాను. పక్కనే నీళ్ళున్నాయి కదా అని పాయలో ముంచుకున్నాను. వేసేటప్పుడు బ్రహ్మాండం. ఉప్పు రేణువుల చుట్టూ రంగు విరిగి చుక్కలు చుక్కలుగా భలే మెరిసింది. నేనేదో కొత్త టెక్నిక్ కనిపెట్టినట్టు పొంగిపోయాను (కావాలని ఉప్పు చల్లి వేసే పద్ధతి ఒకటి ఎప్పటినుంచో ఉందని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి). ఇంటికొచ్చాక మొదలైంది. ఉప్పు గాలిలో చెమ్మ లాగుతుంది కదా, ఆ బొమ్మ పూర్తిగా ఆరనే లేదు. కాకినాడలో వాన మబ్బు పట్టిందంటే మా బీరువాలో ఆ కాగితం జిడ్డుజిడ్డుగా అయ్యేది. చివరికి వెనక పక్క బూజు పట్టింది.

తాగే నీళ్ళు వేరే, కుంచె నీళ్ళు వేరే. రెండూ ఇంటి నుంచే.

ముగ్గుల_మంగ
ఉప్పు అనగానే నా కడుపు మండింది. మీరు చెప్పేవి కాగితం కష్టాలు. మాది నేల మీద పని, మాకు అసలు చెప్పుకునే దిక్కు లేదు. సంక్రాంతి ముగ్గుల పోటీకి ఉప్పులో రంగు కలిపి పెట్టుకున్నాను. ఉత్త రంగుపొడి అయితే గాలికి లేచిపోతుంది, ఉప్పు బరువుగా ఉండి కూర్చుంటుందని మా తోడికోడలు చెప్పింది. నిజమే, కూర్చుంది. కానీ పాలకొల్లులో ధనుర్మాసం పొద్దున్న మంచు ఎలా ఉంటుందో తెలుసు కదా. జడ్జీలు వచ్చేటప్పటికి నా నెమలి తోక కరిగి, పక్కావిడ తామరపువ్వులోకి నీలం కాలవ తీసింది. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

తర్వాతి ఏడు రంపపు పొట్టు వాడాను. కోడిపుంజు వచ్చి మధ్యలో కాళ్ళతో కెలికి పోయింది. పందెం పుంజు అట, అదిలించడానికి కూడా లేదు! ఇప్పుడు సన్న ఇసుకలో రంగు కలుపుతున్నాను. ఇసుక మాట వింటుంది.

లంక_పిల్ల
మంగ అక్కా, పుంజు దగ్గర పొరపాటున టీ ఒలికించాను 😀

నాని గారూ, మీకు జనం గంటసేపు అడ్డమొచ్చారు. ఆడపిల్ల ఒక్కత్తీ గట్టు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పనా? "ఏ ఊరు, ఎవరమ్మాయివి, ఒక్కదానివే వచ్చావా, మీ వాళ్ళకి తెలుసా" ఇవి అయ్యాకే బొమ్మ గురించి. బాత్రూము సంగతి సరేసరి, అందుకే మూడు గంటలు మించి ఎక్కడా కూర్చోను, నీళ్ళు తాగను. ఏప్రిల్లో అలా ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయాను కూడా. కాగితం, గాలి, చీమలు వీటి గురించి అందరూ రాస్తారు, దీని గురించి ఎవరూ రాయరు.

నేను కనిపెట్టిన ఉపాయం మా మామ్మ. మడత కుర్చీ వేసి నాకు పది అడుగుల ముందు కూర్చోబెడతాను. వచ్చినవాళ్ళు ముందు ఆవిడని దాటాలి. ఆవిడ వాళ్ళ ఊరూ పేరూ ఇంటిపేరూ అన్నీ లాగి, చుట్టరికం కలిపి, నా దాకా రాకుండానే పంపించేస్తుంది. ఎవరైనా గట్టిగా అడిగితే "గుడికి బొమ్మ వేస్తంది, మాట్లాడించకూడదు" అంటుంది. ఏ గుడి అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సందేహాల_రావు
మామ్మ గారు అద్దెకి దొరుకుతారా?

లంక_పిల్ల
భోజనం, కిళ్ళీ, మధ్యాహ్నం నిద్ర. భరించగలిగితే చెప్పండి.

కుంచె_కామేశం
ఇదే ప్రశ్నకి నా పద్ధతి వేరు. వీపు గోడకి గానీ చెట్టుకి గానీ ఆనించి కూర్చుంటాను. వెనక నిలబడే చోటు లేకపోతే సగం మంది ఆగరు. ముందు నుంచి చూస్తే వాళ్ళకి అట్ట వెనకే కనిపిస్తుంది.

బరకం_బాబ్జీ
చెట్టుకి ఆనుకోమని కోనసీమలో సలహా ఇస్తున్నారా కామేశం గారూ? ఒకసారి అంబాజీపేట పక్క తోటలో నీడగా ఉందని కొబ్బరిచెట్టు కింద కూర్చున్నాను. పక్క వరసలో దింపు తీస్తున్నారు. వాళ్ళు అరుస్తున్నది నన్నని నాకేం తెలుసు? నా రంగుల ప్లేటు మీద కాయ పడింది. ఒక్క అడుగు తేడా. తెల్ల చొక్కా మీద ఆరు రంగులు. ఆ రోజు నుంచే నేను ఫోటో పార్టీ. మీకు పిరికితనంగా అనిపించొచ్చు, నాకు తల ఒక్కటే ఉంది.

పైగా కొబ్బరి నీడ నీడే కాదు. గాలికి మట్టలు ఊగుతుంటే కాగితం మీద వెలుగు చారలు అటూ ఇటూ పరిగెడతాయి. ఏది మనం వేసిన నీడో, ఏది పడిన నీడో తెలియదు.

కుంచె_కామేశం
చెట్టు సలహా వెనక్కి తీసుకుంటున్నాను. గోడే.

కడియం_మొక్క
నీడ గురించి నాదీ ఒకటి. మా కడియపులంక నర్సరీల్లో షేడ్‌నెట్‌లు ఉంటాయి కదా, ఆకుపచ్చవి. చల్లగా ఉందని నెట్ కింద కూర్చుని, బయట ఎండలో ఉన్న బంతితోట వేశాను. రెండు గంటలు. రంగులు అచ్చు గుద్దినట్టు కుదిరాయనుకున్నా. ఇంటికొచ్చి చూస్తే ఆకులన్నీ తుప్పు పట్టినట్టు ఎర్రగా! నెట్ కింద కాగితం మీద పడేది ఆకుపచ్చ వెలుగు. కంటికి కాసేపటికి అలవాటైపోయి తెలియదు. ఆకుపచ్చ ఎక్కువైనట్టు కనిపిస్తోందని నేను ఎరుపు కలుపుతూ పోయాను. రంగు గొడుగు కింద కూర్చున్నా ఇదే గొడవ. మన తాతల నాటి నల్ల గొడుగే మేలు.

నీటిరంగుల_నాని
మొక్క గారూ, నాకు ఇంకోటి జరిగింది, ఇప్పుడు గుర్తొచ్చింది. మూడో రోజు సగం వేసిన బొమ్మ గట్టు మీద ధగధగలాడింది. ఇంట్లో తీసి చూస్తే మసిబారినట్టుంది. అదీ నెట్ లాంటిదేనా?

కడియం_మొక్క
కాదు, అది నేరుగా ఎండ. తెల్ల కాగితం మీద ఎండ పడితే ఏ రంగు వేసినా వెలిగిపోతుంది. కళ్ళు చికిలించుకుని ముదురుగా వేస్తూ పోతావు. ఇంట్లో ఆ ఎండ ఉండదు కదా. ఈజిలు వీపు సూర్యుడి వైపు తిప్పు. అప్పుడు కాగితం తన నీడలో తానుంటుంది.

భీమారం_బుల్లోడు
నేను ఆయిల్స్, అంటే నూనెరంగులు. ఆరడం గొడవ నాకు లేదు, ఎలాగూ వారం దాకా ఆరవు. నా గొడవ ఆ వారంలో దాని మీద వాలేవి. కోతల టైములో గట్టు మీద పెట్టానా, కోత మిషను పక్క చేలోకి వచ్చింది. దుమ్ము, పొట్టు కలిసి నా ఆకాశం నిండా. గీకితే రంగూ వచ్చేసింది.

ఇంకోసారి రాత్రి బొమ్మ వేద్దామని సరదా పుట్టింది. తలకి లైటు కట్టుకుని చేల మధ్య కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో పచ్చ దీపపు పురుగులు. వందలు. ముఖం మీద, కుంచె మీద, కాన్వాసు మీద. ఆ బొమ్మ ఇప్పుడు మా బావగారి హాల్లో ఉంది. చూసినవాళ్ళంతా చేలో ఆ ఆకుపచ్చ మెరుపు భలే తెచ్చావంటారు. అది నేను వేసింది కాదు.

సందేహాల_రావు
అయితే సంతకం ఎవరు పెట్టాలి?

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
బుల్లోడూ, బెంగ పెట్టుకోకు, నువ్వు పెద్దల బాటలోనే ఉన్నావు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మ ఒకటి అమెరికాలో, కాన్సాస్ సిటీ మ్యూజియంలో ఉంది. 2017లో దాన్ని మైక్రోస్కోపుతో పరీక్షిస్తే రంగులో ఇరుక్కున్న మిడత బయటపడింది. నూట పాతికేళ్ళకి పైగా ఎవరూ గమనించలేదు. ఆయన తమ్ముడికి రాసిన ఉత్తరంలోనే నాలుగు కాన్వాసుల మీంచి వంద ఈగలైనా ఏరి ఉంటానని వాపోయాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1870లో వాళ్ళ త్రూవిల్ సముద్రతీరాన వేసిన బొమ్మలో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి, లండన్ నేషనల్ గ్యాలరీలో. అంటే అక్కడే కూర్చుని వేశాడని సాక్ష్యం. బాబ్జీ, నీ బొమ్మల్లో ఏం దొరుకుతుందిరా?

ట్యూబులో రంగు 1841లో వచ్చింది. అంతకుముందు రంగు నూరి పంది తిత్తిలో కట్టి పెట్టుకునేవాళ్ళు. బయటికి మోసుకెళ్ళి వెయ్యడం సులువైంది ఆ ట్యూబు వచ్చాకే. మన వైపు చూస్తే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర స్వయంగా నీటిరంగులు వేసేవాడు. మన చిత్రకారుడు దామెర్ల రామారావుని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకి దారి చూపించింది ఆయనే. రామారావు 1925లో మశూచితో పోయాడు, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే. నానీ, ఈసారి వచ్చినప్పుడు రాజమండ్రిలో రామారావు పేర ఉన్న గ్యాలరీకి వెళ్ళు. మన వెలుగు, మన ఒంటి రంగులు ఎలా ఉంటాయో అక్కడ చూసి అప్పుడు గట్టెక్కు.

బరకం_బాబ్జీ
మాస్టారూ, నా బొమ్మల్లో దొరికేది పెసరట్టు నూనె మరక. మీ శిష్యుణ్ణే కదా, కాస్త దయ చూపండి.

భీమారం_బుల్లోడు
మాస్టారూ, మరి గాలి? నా కాన్వాసు పెద్దది, తెరచాపలా లేచిపోతోంది. పోయిన నెల కాలవలోకి వెళ్ళింది.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
దానికీ వాన్ గోనే. ఆయన ఉన్న ఫ్రాన్సులోని ఆర్ల్ దగ్గర మిస్ట్రాల్ అని పెద్ద గాలి వీస్తుంది. ఈజిలు కాళ్ళ పక్కనే మేకులు దిగేసి తాళ్ళతో కట్టేవాడు. మనకి మేకులెందుకు, పడవ కట్టే గుంజ చాలు.

ఏటిగట్టు_సూరిబాబు
గుంజ గట్టి నేలలో అయితే పర్లేదండి. ఒండ్రులో దిగిన గుంజ ఒండ్రులోనే ఉండిపోద్ది, ఈజిలు కాళ్ళు కూడా అంతే. కాళ్ళ కింద కొబ్బరిచిప్పలు బోర్లించి పెట్టండి, దిగబడవు. మధ్యలో ఇసుక సంచీ వేలాడదీయండి. గొడుగు మాత్రం ఈజిలుకి కట్టకండి, రెండూ కలిసి పోతాయి.

గాలి ఎంత లాగుద్దో చూడాలంటే కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రండి. వెదురు బద్దలకి రంగుగుడ్డలు చుట్టిన ప్రభలు అంతెత్తున ఉంటాయి. నలువైపులా తాళ్ళు పట్టుకుని చేలల్లోంచి భుజాల మీద మోస్తారు. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక ఏటి నీళ్ళల్లోంచి దాటుద్ది. నేనూ తాడు పట్టుకున్నా. ఇంకో విషయం, ఆ పనంతా చేసేదీ ఆరుబయటేనండి, పుష్యమాసం మంచులో. జిగురు పట్టదు, గుడ్డ చెమ్మకి సాగుద్ది. అందుకని ఎండెక్కాక గానీ గుడ్డ లాగి కట్టరు.

గోడబొమ్మల_గణపతి
ఇంతమంది మాట్లాడారు, గోడలకి వేసేవాణ్ణి నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను. మాకు గాలి గొడవ లేదు, గోడ ఎగిరిపోదు. మా శత్రువు గోడ లోపలే ఉంటాడు. రాజోలు దాటి సముద్రం వైపు ఒక ఊళ్ళో ప్రహరీ గోడ నిండా పంటలు, పడవలు వేశాను. ఇరవై రోజుల పని. మూడో నెలకి తెల్లగా పిండి లేచింది. ఆరో నెలకి రంగు అట్టలు అట్టలుగా ఊడి నా ఎడ్లకి తలలు పోయాయి. డబ్బులిచ్చినవాళ్ళు నాసిరకం రంగు వాడానన్నారు. మిగతా సగం ఇవ్వలేదు.

రంగుది కాదు తప్పు. ఇటుకల్లో, ఇసుకలో, నీళ్ళల్లో ఉప్పుంది. నేలలోని చెమ్మ గోడలోకి పాకి ఆ ఉప్పుని కరిగించుకుని పైకి వస్తుంది. ఎండకి నీరు ఆవిరైపోతే ఉప్పు గడ్డకట్టి రంగుని లోపల్నుంచి బయటికి తోస్తుంది. పైగా నేను వాళ్ళ బోరు నీళ్ళే రంగులో కలిపాను, అది నోట్లో పోసుకుంటే తెలిసేది. ఇప్పుడు గోడ నాకి చూడకుండా పని ఒప్పుకోను. నవ్వకండి, నిజంగానే నాకుతాను. ఉప్పగా ఉంటే అడుగున మూరెడు ఎత్తు వదిలేసి పైన వేస్తాను. కింద సున్నం ఒక్కటే. సున్నం అయితే గోడ ఊపిరి పీలుస్తుంది.

సందేహాల_రావు
ఏ ఊరి గోడ రుచిగా ఉంది?

గోడబొమ్మల_గణపతి
మండపేట. ఇప్పటికి పదేళ్ళు, ఒక్క పెచ్చు లేవలేదు.

యానాం_యాత్రికుడు
చీమల సంగతి ఎవరూ ఎత్తలేదేం? నీటిరంగుల్లో ఉండేది తుమ్మజిగురు, కొన్నిట్లో తేనె కూడా కలుపుతారు, ఎండిపోకుండా. మధ్యాహ్నం భోంచేసి వచ్చేసరికి నా పసుపు డబ్బాకి చీమలబారు. తిని, రంగు కాళ్ళతో కాగితం మీద నడిచి వెళ్ళాయి. కింద నీళ్ళ పళ్ళెం పెట్టి దాని మీద రంగుల డబ్బా పెట్టండి, పాలగిన్నెకి పెట్టినట్టు.

నీటిరంగుల_నాని
సరే, ఇంతకీ ఆరని కాగితానికి ఏం చెయ్యాలి? బైకు సైలెన్సరు దగ్గర పెట్టి చూశాను. చెప్పను ఏమైందో.

కుంచె_కామేశం
చెప్పక్కర్లేదు, నేనూ పెట్టాను.

మంచు ఉన్నంతసేపూ ఆరబెట్టాలని చూడకు. తడి మీద తడి వేసే పనులన్నీ అప్పుడే కానిచ్చెయ్: మంచులో చెట్లు, అవతలి గట్టు, ఆకాశం. అవి పాకితేనే అందం. అంచు తెగ్గొట్టినట్టు ఉండాల్సినవి, అంటే పడవ, తాడు, మనిషి, తొమ్మిది దాటాక. లేదా రెండు అట్టలు పట్టుకెళ్ళి ఒకటి ఆరేలోపు రెండోది వెయ్. మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పడమటి గాలికి కుంచె కాగితానికి తగిలేలోపే ఎండిపోతుంది. అప్పుడు నీళ్ళల్లో రెండు చుక్కలు గ్లిజరిన్. మధ్యాహ్నం దాటి సముద్రం గాలి తిరిగిందంటే మళ్ళీ చెమ్మ. అదే రోజున, అదే బొమ్మకి!

ఏటిగట్టు_సూరిబాబు
కాలవ బొమ్మలు వెయ్యాలంటే మాత్రం తొందరపడండి. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక కాలవలు కట్టేస్తారు. అప్పుడు వేసేది కాలవ కాదండి, బురదా ప్లాస్టిక్ కవర్లూను.

లంక_పిల్ల
కాలవ అయితే మళ్ళీ వదులుతారు. నేను శ్రావణంలో ఒక లంక బొమ్మ మొదలుపెట్టాను. అరటితోట, పాక, రెండు గేదెలు. సగం అయ్యాక వచ్చే ఆదివారం చూద్దామని వెళ్ళిపోయాను. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది. ఆ వారంలో రెండూ దాటేసింది. ఆదివారం వెళ్ళేసరికి లంక లేదు. ఎర్రనీళ్ళ మధ్యలో అరటాకుల కొసలు మాత్రం. గేదెల్నీ మనుషుల్నీ ముందే పడవల మీద గట్టుకి తెచ్చేశారు, అదొక్కటి నయం.

మిగతా సగం మామ్మ చెప్తే వేశాను. ఆవిడ పుట్టిల్లు అటువైపే. "పాక పక్కన చింతచెట్టు పెట్టు" అంది. పెట్టాను. నీరు తీశాక వెళ్ళి చూస్తే చింతచెట్టు లేదు. అడిగితే తన చిన్నప్పుడు ఉండేదంది.

రిటైర్డ్_డ్రాయింగ్_మాస్టారు
ఆ బొమ్మ ఇక్కడ పెట్టమ్మా, చూస్తాను.

లంక_పిల్ల
మామ్మ మంచం పక్కన ఉంది మాస్టారూ, తియ్యనివ్వట్లేదు.

ముగ్గుల_మంగ
నానీ, మర్యాదల సంగతికి ఎవరూ సమాధానం చెప్పలేదు. నేను చెప్తా విను. పెసరట్టు తప్పించుకోలేవు. మీ అమ్మమ్మగారి ఊళ్ళో పెద్దాయన పిలిస్తే రానంటే, ఆ మాట సాయంత్రానికి మీ అమ్మమ్మకి చేరుతుంది. కాబట్టి ముందురోజు సాయంత్రమే వెళ్ళి కాఫీ తాగేసి రా. అప్పుడే పడవ ఎవరిదో కనుక్కుని, రేపు పొద్దున్న కాసేపు ఉంచమని అడుగు. పడవాయనే నీ చుట్టూ జనాన్ని తోలేస్తాడు.

నీటిరంగుల_నాని
మూడు వారాల తర్వాత రాస్తున్నా. వెళ్ళొచ్చాను. ఈసారి కోటిపల్లి రేవు. అష్టమి చూసుకునే వెళ్ళాను సూరిబాబు గారూ. నల్ల గొడుగు, కొబ్బరిచిప్పలు, రెండు నీళ్ళ సీసాలు, చీమల పళ్ళెం, అన్నీ ఉన్నాయి. మంగ గారు చెప్పినట్టు ముందురోజే పడవాయన ఇంటికి వెళ్ళి కాఫీ తాగాను (జంతికలు కూడా). పొద్దున తొమ్మిదిన్నర దాకా పడవ కదపనన్నాడు, కదపలేదు. మంచులో ఆకాశం, అవతలి గట్టు. తొమ్మిదికి పడవ. కాలీఫ్లవర్లు రెండే, అవీ చెట్లలో కలిసిపోయాయి. పూర్తయింది!

తర్వాత ఆయన వచ్చి చాలాసేపు చూశాడు. "పడవ మాదేనండి, పేరేదండి?" అన్నాడు. పడవ పక్కన వాళ్ళ అబ్బాయి పేరు రాసి ఉంది, బొమ్మలో నేను వదిలేశాను. సన్న కుంచెతో రాశాను. అప్పుడు బొమ్మ చేతిలోకి తీసుకుని "మా అబ్బాయికి చూపిచ్చి వస్తానండి" అని వెళ్ళాడు. అరగంటకి తిరిగొచ్చాడు, చేతిలో చక్రకేళీ గెల ఉంది. బొమ్మ లేదు. నేను అడగలేకపోయాను.

సందేహాల_రావు
అంటే మళ్ళీ సున్నానా?

లంక_పిల్ల
సున్నా ఎందుకవుతుంది, గెల వచ్చింది కదా.

బరకం_బాబ్జీ
పోనీ ఇచ్చే ముందు ఫోటో అయినా తీశావా తమ్ముడూ?

నీటిరంగుల_నాని
ఆయనే తీశాడు బాబ్జీ అన్నా, నేను బొమ్మ పట్టుకుని నిలబడితే. నా కాళ్ళు, ఈజిలు, కొబ్బరిచిప్పలు బాగా పడ్డాయి. బొమ్మ ఉన్నచోట ఆయన బొటనవేలు.